కొబ్బరి మట్టల్లో వానడవి

తొలకరి పడిన మూడో రోజో నాలుగో రోజో, కోనసీమలోని కొత్తపేట చుట్టుపక్కల ఏ పెరట్లోనైనా ఇలాంటి మాట వినబడుతుంది. "అమ్మాయ్, గోలెం అంచుకి సబ్బు నురగ అంటుకుని ఎండిపోయింది. కాస్త పీచుపెట్టి తోమెయ్యి." కోడలు కొబ్బరిపీచు పట్టుకుని వెళ్లి వంగి చూస్తుంది. నురగే. కోడిగుడ్డు తెల్లసొనని గిలక్కొట్టి అక్కడ అతికించినట్టు, అరచేతిలో పట్టేంత ముద్ద. పైన పలచగా పెచ్చు కట్టింది. పుల్లతో కదిపితే లోపలంతా తడి. ఆ తడిలో సగ్గుబియ్యం గింజల్లాంటివి తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇది సబ్బు కాదత్తయ్యా, ఇందులో ఏవో గుడ్లున్నాయి."

అత్తగారు వచ్చి చూస్తుంది. "చెట్టుకప్ప పెట్టిపోయింది. అయితే ఉండనియ్యి. రెండు వానలు పడితే అదే జారిపోతుంది" అని లోపలికి వెళ్లిపోతుంది.

ఆ "ఉండనియ్యి" అన్న మాట ఎన్నాళ్లుగా ఆ పెరట్లో చెల్లుతూ వచ్చిందో, ఇకముందు ఎంతకాలం చెల్లుతుందో ఆలోచిస్తే ఒక అడవి కథ మొత్తం కళ్లముందు నిలుస్తుంది.

ఆ నురగ కట్టిన ప్రాణికి శాస్త్రంలో పేరు పాలిపెడేట్స్ మాక్యులేటస్. మాక్యులేటస్ అంటే మచ్చలు కలది. 1830లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. ఆ మచ్చలు చూడాలంటే అది కాలు చాపే క్షణం కోసం కాచుకోవాలి. తొడల వెనకవైపు ముదురు గోధుమరంగు మీద పచ్చటి చుక్కలు, పసుపు నీళ్లలో వేలు ముంచి వరసగా పెట్టినట్టు ఉంటాయి. కూర్చుందంటే చుక్కలన్నీ మడతలోకి పోతాయి. అప్పుడు కనిపించేది మట్టిరంగో బూడిదరంగో ఎండుటాకు రంగో ఉన్న రెండంగుళాల ప్రాణి మాత్రమే. ఆడది ఇంకాస్త పెద్దది, మూడంగుళాల దాకా ఉంటుంది. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటాయి. వాటి పట్టుతోనే కిటికీ అద్దం మీదా, నున్నటి గోడ మీదా నిలువునా ఎక్కిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి ‘చునాం ట్రీ ఫ్రాగ్’ అనే పేరు కూడా ఉంది. చునాం అంటే మన సున్నమే. ఆ పేరు పెట్టినవాళ్లు దీన్ని అడవిలో చెట్టు మీద కన్నా సున్నం వేసిన ఇంటి గోడ మీదే ఎక్కువగా చూసి ఉంటారు.

పొద్దుగూకాక దాని పిలుపు మొదలవుతుంది. బోదురుకప్పలా ఊరంతా అదిరేట్టు అరవదు. "టక్... టక్... టక్ టక్" అని ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు ఉంటుంది. పిలిచేది మగది. ఆడది వచ్చాక, మగదాన్ని వీపున మోసుకుంటూ చోటు వెతుకుతుంది. కొమ్మైనా గోడైనా గోలెం అంచైనా సరే, కింద నీళ్లుండాలి. చోటు కుదిరాక గుడ్లతో పాటు వచ్చే జిగురు ద్రవాన్ని వెనక కాళ్లతో చిలకడం మొదలుపెడుతుంది. కవ్వం ఆడినట్టే, ఇటూ అటూ, ఆగి ఆగి. చిలికిన కొద్దీ గాలి చేరి నురగ పొంగుతుంది, వందల గుడ్లు ఆ నురగలో సర్దుకుంటాయి. తెల్లారేసరికి పైపొర ఎండి పెచ్చు కడుతుంది, లోపల మాత్రం తడి నిలుస్తుంది. నీళ్లలో గుడ్లు పెడితే చేపలు తినేస్తాయి, పొడినేల మీద పెడితే ఎండిపోతాయి. అటు నీళ్లకూ ఇటు గాలికీ మధ్య ఒక గది కట్టుకుంది ఈ కప్ప. నాలుగైదు రోజులకు పిల్లలు కదలడం మొదలవుతుంది. నురగ అడుగు నుంచి మెత్తబడి, వాన చినుకులతో కలిసి కారుతుంది. తోకకప్పలు ఒక్కొక్కటే కింద నీళ్లలోకి జారతాయి.

ఇంత పనితనం పెరటి గోలెం దగ్గర పుట్టింది కాదు. దీని చుట్టాలంతా ఎక్కడుంటారో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఈ కప్పది రాకోఫోరిడే కుటుంబం. ఆసియా వానడవుల్లో చెట్ల మీద బతకడం నేర్చిన కప్పలలో పెద్ద కుటుంబమిది. 1850ల్లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ బోర్నియో దీవిలోని సరవాక్ అడవుల్లో తిరుగుతున్నప్పుడు, ఒక చైనా పనివాడు పెద్ద చెట్టుకప్పను పట్టి తెచ్చి ఇచ్చాడు. ఎత్తయిన చెట్టు మీద నుంచి ఏటవాలుగా, ఎగురుతున్నట్టు దిగి వచ్చిందని చెప్పాడు. వాలెస్ దాని కాళ్లు విప్పి చూశాడు. వేళ్ల మధ్య చివరిదాకా పొర ఉంది, చాపితే నాలుగు కాళ్లూ నాలుగు గొడుగులు. 1869లో అచ్చయిన ‘ది మలయ్ ఆర్కిపెలాగో’ పుస్తకంలో ఆ కప్ప బొమ్మ కూడా వేయించాడు. పడమటి కనుమల్లో మలబార్ ఎగిరే కప్ప ఉంది. వానాకాలంలో కేరళ, కర్ణాటక అడవుల్లో నీటి గుంటల పైన వేలాడే ఆకులను దగ్గరకు లాగి, వాటి మధ్య నురగ గూడు కడుతుంది. కొత్తపేట గోలెం అంచున అంటుకున్న ముద్దదీ, ఆ అడవిలో ఆకుల మధ్య దాగిన ముద్దదీ ఒకే పనితనం.

మరి కోనసీమలో అడవి ఎక్కడుంది? అడవి చూడాలనిపిస్తే ఇక్కడివాళ్లు బండి కట్టించుకుని మారేడుమిల్లి వెళ్తారు. వానడవి అనిపించుకోవాలంటే ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడాలి. కోనసీమలో పడేది అందులో సగానికి కాస్త పైన. లెక్క ప్రకారం ఇది వానడవి దేశం కానేకాదు.

అయితే కప్ప లెక్క వేరు. అంబాజీపేట వైపు ఒక పాత కొబ్బరి తోటలోకి మిట్టమధ్యాహ్నం నడిచి చూడాలి. రోడ్డు మీద కళ్లు జిగేలుమనే ఎండ. గట్టు దిగి పది అడుగులు లోపలికి వేస్తే వెలుగు పచ్చబడుతుంది, చెవులకు గాలి చప్పుడు మారుతుంది. తల పైన కొబ్బరి మట్టలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటి కింద పోకచెట్లు, అరటి, కోకో. కొబ్బరి మానుకు పాకిన మిరియాల తీగ. ఇంకా కింద కంద, పసుపు. నేల మీద ఎండుటాకుల పరుపు. వరసల మధ్య బోదెలో నల్లటి నీళ్లు, వాటి మీద రాలిన కొబ్బరి పూత. వానడవిని వర్ణించే ప్రతి పుస్తకం అంతస్తుల మాట చెబుతుంది. పైకప్పు, దాని కింద మరో కప్పు, దాని కింద పొదలు, అన్నిటికీ కింద చెమ్మ. కోనసీమ రైతు అడవిని పెంచుదామని ఆ తోట వెయ్యలేదు, ఎకరం మీద నాలుగు రాళ్లు ఎక్కువ రావాలని వేశాడు. ఒక పంట నీడలో మరో పంట పెట్టుకుంటూ పోయేసరికి, చెట్టుకప్ప కళ్లకు అది ఎప్పటి నుంచో తెలిసిన ఇల్లులా కనిపించింది. మట్ట మొదట్లో, మానుకూ మట్టకూ మధ్యనున్న సందులో, పగలంతా చల్లగా ఒదిగి ఉండే చోటు దొరికింది. దింపు తీసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. చెట్టెక్కి గెల కోసం చెయ్యి పెడితే, మెత్తగా చల్లగా ఏదో వేళ్ల కింద నుంచి దూకి పక్క మట్ట మీద పడుతుంది.

వాన సగమే కదా, మిగతా సగం ఎక్కడిది? గోదావరి ఇచ్చింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మధ్య డెల్టాకు కాలువలు దిగాయి. వైనతేయ పాయ అడ్డం పడిన చోట, పి. గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టి నది మీద నుంచి కాలువను దాటించారు. ఆ నీళ్లే రాజోలు వైపు చేలకు వెళ్లాయి. పక్కన 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నారు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి దండ వేసే రైతు తన వరి కోసమే వేస్తాడు. ఆ కాలువ నుంచి పిల్లకాలువకు, పిల్లకాలువ నుంచి బోదెకు, బోదె నుంచి ఇంటి వెనక గుంటకు చేరిన నీళ్లలో ఎన్ని తరాల తోకకప్పలు కాళ్లు మొలిచి గట్టెక్కాయో లెక్క కట్టినవాళ్లు లేరు. మేఘం ఇవ్వని వానను కాలువ ఇచ్చింది.

ఆ కాలువ ఏడాదంతా పారదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా బోదెలు ఎండుతాయి, బురద బీటలు వారుతుంది, చెరువులు అడుగంటుతాయి. బోదురుకప్పలు మట్టిలోకి దిగిపోతాయి. చెట్టుకప్పకు తవ్వుకునే కాళ్లు లేవు. ఆ రోజుల్లో అది చేసే పని ఒకటుంది. దగ్గర నుంచి చూడగలిగినవాళ్లు అదృష్టవంతులు.

మేలో ఒక మధ్యాహ్నం, దూలానికీ పెంకుకూ మధ్యనున్న సందులో కూర్చుని ఉంటుంది. ముందుగా ఒళ్లు కాస్త మెరుస్తుంది, చర్మంలోని గ్రంథుల నుంచి ఏదో స్రవిస్తుంది. అప్పుడు ముందరి చెయ్యి ఎత్తి తల మీద నుంచి కిందికి తుడుచుకుంటుంది. తర్వాత రెండో చెయ్యి. వెనక కాలు చాపి వీపు మీద రాసుకుంటుంది, పక్కలకు రాసుకుంటుంది, పొట్ట కిందికి చేరుస్తుంది. నూనె రాయించుకునే చంటిబిడ్డ ఒంటి మీద తల్లి చెయ్యి తిరిగినట్టు, ఒక్క చోటూ వదలకుండా తిరుగుతాయి ఆ నాలుగు కాళ్లు. ఆ పని అయ్యాక చేతులు గడ్డం కిందికి ముడుచుకుని, కాళ్లు పక్కలకు అదుముకుని, కళ్లు మూసుకుంటుంది. ఇక కదలదు. 1997లో హార్వీ లిలీవైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, భారతీయ సహచరులు కలిసి సరిగ్గా ఈ తుడుచుకోవడం మీదే పరిశోధన ప్రచురించారు. ఒంటి మీద పరుచుకున్న ఆ పూతలో కొవ్వు పదార్థాలున్నాయనీ, చర్మం నుంచి నీరు ఆవిరైపోవడాన్ని అది తగ్గిస్తుందనీ తేల్చారు. కప్ప చర్మం పలచటి తడిగుడ్డ లాంటిది, ఎండలో నిమిషాల్లో ఆరిపోయేది. ఆ తడిగుడ్డకు ఈ కప్ప తనే మైనం పూసుకుంటోంది. వానడవిలో పుట్టిన వంశం ఎండాకాలం ఉన్న దేశంలో నిలదొక్కుకోవడానికి నేర్చుకున్న విద్యల్లో ఇదొకటి. కోనసీమలో అది కాలువ కట్టేసిన నెలలకు సరిగ్గా సరిపోయింది.

అంచేత ఈ కప్పకు గట్టి ప్రాణం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో దీన్ని ఆందోళన అక్కర్లేని జాతుల్లోనే చేర్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఆ మాట ఇక్కడ చెప్పడం. 2023లో వెలువడిన ప్రపంచ ఉభయచరాల అంచనాలో 8,000కు పైగా జాతులను పరిశీలిస్తే, ప్రతి అయిదింటిలో రెండు ముప్పు అంచున ఉన్నాయని తేలింది. ఆ రెండింటిలో మన చెట్టుకప్ప లేదు. అయితే జాబితా దేశాన్ని చూస్తుంది, దొడ్డిని చూడదు. ఒక ఊళ్లో, ఒక వీధిలో, ఒక తోటలో ఆ "టక్ టక్" ఆగిపోతే ఏ జాబితాలోనూ అంకె మారదు. ఆగిందని తెలిసేది ఆ ఇంట్లో పడుకున్నవాళ్లకే.

కప్పలను లెక్కపెట్టిన కాలం ఒకటుంది. తూకం వేసి మరీ లెక్కపెట్టారు. బోదురుకప్ప కాళ్లను ఎగుమతి చేసే వ్యాపారం దేశంలో దశాబ్దాల పాటు సాగింది. 1981లో నాలుగు వేల టన్నులకు పైగా కాళ్లు ఓడలెక్కాయి. వరి చేలల్లో పురుగును తినే నోళ్లను అమ్ముకుని, పురుగుమందులు కొనుక్కుంటున్నామని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. 1985లో అంతర్జాతీయ వన్యప్రాణి వర్తక ఒప్పందం కిందికి ఆ కప్పను చేర్చారు, 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. అది మంచి నిర్ణయం. అంతటి బోదురుకప్పే, మనుషుల వల్ల అండమాన్ దీవులకు చేరి, అక్కడ స్థానిక కప్పల పిల్లలను తినేస్తూ తలనొప్పిగా మారింది. చోటు మారితే మేలు చేసే ప్రాణే చేటు చేస్తుంది. ఏ ప్రాణి గురించి మాట్లాడినా దాని చోటును పక్కన పెట్టి మాట్లాడలేమనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. చెట్టుకప్ప కాళ్లకు ధర రాలేదు, దాన్ని ఎవరూ గోనెల్లో కట్టి అమ్మలేదు. దాన్ని పోగొట్టుకోవడానికి వేటాడనక్కర్లేదు, గుంట పూడిస్తే చాలు.

నూతిలో కప్ప అని మనవాళ్లు ఏమీ తెలియనివాణ్ణి అంటారు. చెట్టుకప్పను చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. దీనికి రెండు లోకాలు కావాలి, పైన ఆకు, కింద నీళ్లు. రెండూ ఉంటే సరిపోదు, దగ్గర దగ్గరగా ఉండాలి. మట్ట నుంచి గుంటకు ఒక రాత్రిలో వెళ్లి వచ్చేంత దూరమే ఉండాలి, దారిలో నీడా చెమ్మా ఉండాలి. ఆ కాసింత దూరమే దాని అడవి. అంగుళం ప్రమాణంలో చూస్తే వానడవి అంటే అదే.

ఇప్పుడు ఆ దూరం తెగుతోంది. తెగేది మెల్లగా. ఇంటి వెనక గుంట పూడ్చి వాకిలి చేసుకుంటారు. నుయ్యి మీద సిమెంటు పలక వేస్తారు. గోలెం పోయి డాబా మీదికి మూత బిగించిన ప్లాస్టిక్ ట్యాంకు వస్తుంది. పెరడంతా గచ్చు చేస్తారు. కొబ్బరిచెట్లు అలాగే ఉంటాయి. ఎవరికీ ఏమీ మారినట్టు అనిపించదు, తోట తోటలాగే ఉంది కదా అనుకుంటారు. పైకప్పు ఉంది, అడుగున నీళ్లు లేవు. నీళ్లు లేని అడవిలో ఆ కప్ప ఏళ్ల తరబడి కూర్చోగలదేమో గానీ, పిల్లను దించలేదు.

సముద్రం వైపు కథ ఇంకా కష్టం. మలికిపురం, సఖినేటిపల్లి వైపు వెళ్తే శంకరగుప్తం డ్రెయిన్ పొడవునా మొవ్వు వాలిపోయిన కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లో నిలిచిపోతోంది. తలలు పోయి మోడులైన మానులను చూసి రైతులు గుండెలు బాదుకుంటున్నారు. చెట్టు కన్నా ముందే ఉప్పు దెబ్బ తినే ప్రాణి కప్ప. పలచటి చర్మం గుండానే నీళ్లు తాగుతుంది కనక ఉప్పు నీళ్లు దాని ఒంట్లో నీటిని లాగేస్తాయి. 1859లో డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ రాస్తూ, నడిసముద్రపు దీవుల్లో కప్పలు ఎందుకు లేవన్న ప్రశ్నకు ఈ జవాబే చెప్పాడు. ఉప్పునీళ్లు తగిలితే కప్పలూ వాటి గుడ్లూ చస్తాయి, అందుకే అవి సముద్రం దాటలేకపోయాయి అన్నాడు. ఆగ్నేయాసియా మడ అడవుల్లో పీతలు తినే కప్ప ఒకటి ఉప్పును ఓర్చుకోగలదు గానీ, అలాంటివి బహు అరుదు. సముద్రం కప్ప దగ్గరికి తనంతట తానే వస్తున్నప్పుడు, వరి చేల మధ్య ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్వుకుంటూ పోతున్నప్పుడు, లంకలో ఉన్న కప్పకు పారిపోయే చోటే లేదు. డ్రెయిన్ పూడిక తీయాలని, గట్లు బలపరచాలని రైతులు అడుగుతున్నది వాళ్ల చెట్ల కోసం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించాల్సి రావడానికి మురుగు పోయే దారి లేకపోవడం కూడా ఒక కారణమే, ఆ గోడు కొత్తది కాదు. వాళ్లు అడుగుతున్నది జరిగితే కప్ప కూడా బతుకుతుంది. ఇద్దరి కోరికా ఒకటే, మంచినీళ్లు మంచినీళ్లలా ఉండాలని.

ఇక దోమల సంగతి. ఇక్కడ తేలిగ్గా మాట్లాడకూడదు. డెంగీ వచ్చిన ఇంట్లో కప్ప గురించి కబుర్లు చెప్పేవాళ్లెవరూ ఉండరు, ఉండకూడదు. వారానికో రోజు నీటి తొట్లన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమని ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి చెబుతుంది. ఆమె చెప్పేది నిజం, నిలవ నీళ్ల గోలెంలో ఈడిస్ దోమ పెరుగుతుంది. తోకకప్ప కాళ్లు మొలిచి బయటికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. వారానికోసారి ఒంపేసే గోలెం దానికి ఇల్లు కాలేదు. చెరువుల్లో వదిలే గంబూసియా చేపలు దోమ పిల్లలతో పాటు తోకకప్పలనూ కొరికేస్తాయి. మనిషి ఆరోగ్యమా కప్ప ప్రాణమా అని తూచి కూర్చుంటే ఎటూ తేలదు. కప్ప నురగ కట్టిన చోటు మారిస్తే మాత్రం రెండూ నిలుస్తాయి. దొడ్డి చివర, తోట అంచున, నీడలో ఒక గుంటను పూడ్చకుండా వదిలితే చాలు. తూనీగ పిల్లలూ నీటిపురుగులూ పెరిగే గుంటలో దోమ పిల్లలను తినే నోళ్లు వాటంతట అవే చేరతాయి. ఇంటి తొట్టి ఆరోగ్య శాఖది, తోట గుంట కప్పది అని హద్దు పెట్టుకుంటే సరిపోయేదానికి, రెండింటినీ కలిపి సిమెంటు పోసేస్తున్నారు.

కొత్తపేట పెరట్లో ఆ కోడలికి ఇదంతా ఎవరూ చెప్పలేదు. మర్నాడు గోలెం ఒంపాల్సిన రోజు. అత్తగారేమో ఉండనియ్యమంది. ఆమె అరటి బోదె నుంచి ఒక డొప్ప ఊడదీసింది. దాని అంచుతో నురగ ముద్దను మెల్లగా, పెచ్చు చిట్లకుండా, గోడ నుంచి విడదీసి డొప్పలోకి జార్చుకుంది. రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు తోట చివరికి నడిచింది. బోదె మలుపులో, ఒకప్పుడు కొబ్బరి డొక్కలు నానబెట్టిన గుంట ఒకటి మిగిలింది. దాని మీదికి వంగిన కోకో కొమ్మకు డొప్పను అరటి నారతో కట్టింది. ఒక కొస కాస్త కిందికి వాల్చి, నీళ్లకు జానెడు ఎత్తున ఉంచింది.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు సాయంత్రం తూర్పున మబ్బు పట్టింది. కొబ్బరి మట్టలు ముందుగా చప్పుడు చేశాయి, తర్వాత చినుకులు ఆకుల మీద, ఆ తర్వాత గుంట మీద. నురగ రంగు మారి పలచబడింది. డొప్ప కొస నుంచి తీగలాగా సాగి, కింద నీళ్లను తాకింది. దాని వెంట ఒక బొట్టు జారింది. ఆ బొట్టుకు తోక ఉంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని గట్టు మీదే కూర్చుని చూస్తోంది. ఇంకోటి. ఇంకో రెండు. చీకటి పడేదాకా పడుతూనే ఉన్నాయి, వాన చినుకేదో తోకకప్పేదో తెలియనంతగా.